నోట్సు నిండా రాశాం, వాడుకోవడం ఎలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోడు. నోట్సు రాసుకునే అలవాటు ఉంది కానీ, రాసుకున్నది కథలోకో వ్యాసంలోకో రావడం లేదు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి, ఉత్తరాల్ని కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: పదేళ్ళుగా నోటుబుక్కులు నింపుతున్నాను. పద్నాలుగు అయ్యాయి. కథ రాయడానికి కూర్చుంటే మాత్రం ఒక్కటీ అక్కరకు రాదు. ఎక్కడ ఏం రాశానో గుర్తుండదు. అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమని ఒక మిత్రుడి సలహా. ఎక్కించమంటారా?

వద్దు. పద్నాలుగు పుస్తకాలు టైపు చేయడానికి నెలలు పడుతుంది. అందులో పనికొచ్చేదానికీ పనికిరానిదానికీ ఒకే శ్రమ పడాలి. వేళ్ళు ఆడతాయి, బుర్ర ఆడదు. చివరికి అదే గందరగోళం తెరమీద కనిపిస్తుంది.

ముందు అట్టల మీద 1 నుంచి 14 దాకా అంకెలు వేయండి. ఒక్కో దాని మీద మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ రాయండి. తేదీ తెలియకపోతే సంవత్సరం చాలు. తరవాత ప్రతి బుక్కులోనూ పేజీ నంబర్లు. విసుగు పనే, కానీ ఇది లేకుండా మిగతాదేదీ నిలవదు. "7-43" అంటే ఏడో పుస్తకం, నలభై మూడో పేజీ. ఇక ఆ నోటుకు జీవితాంతం అదే చిరునామా.

ఆ తరవాత రోజుకు ఇరవై నిమిషాలు, పెన్సిలు చేతబట్టుకుని చదవండి. దిద్దకండి, కొత్తగా ఏమీ చేర్చకండి. ఇప్పటికీ లోపల ఏదో కదిలితే మార్జిన్లో చుక్క. కదలకపోయినా ఎప్పటికైనా పనికొచ్చే సమాచారమైతే సున్నా. రెండూ కాకపోతే ఏ గుర్తూ వద్దు. చుక్క పెట్టాలా వద్దా అని ఆలోచించాల్సి వచ్చిందంటే అక్కర్లేదనే అర్థం. 200 పేజీల పుస్తకం రోజుకు ముప్పై పేజీల చొప్పున వారంలో అయిపోతుంది. పద్నాలుగు పుస్తకాలకు పద్నాలుగు వారాలు. పేజీలకు పేజీలు గుర్తు లేకుండా మిగిలిపోతాయి, కంగారు పడకండి. ఆ పూట రాసుకోవడంతోనే వాటి పని అయిపోయింది.

ఇప్పుడు సూచిక. దీనికి జాన్ లాక్ పద్ధతిని మించింది మాకు కనబడలేదు. ఆ ఇంగ్లీషు తత్వవేత్త తన నోటుబుక్కుల కోసం కల్పించుకున్న ఈ పద్ధతి 1686లో ఫ్రెంచిలోనూ, ఆయన పోయాక 1706లో ఇంగ్లీషులోనూ అచ్చయింది. విషయానికి ఒక మాట ఎంచుకుని, దాని మొదటి అక్షరం, ఆ తరవాత వచ్చే మొదటి అచ్చు చూసి గడిలో పేజీ నంబరు వేసుకోవడమే కిటుకు. ఆయన రెండు అక్షరాలు వెతుక్కోవాల్సి వచ్చింది. మనకు ఆ బాధ లేదు, తెలుగు అక్షరంలో హల్లూ గుణింతమూ కలిసే ఉంటాయి.

ఎదురెదురు పేజీలు రెండు తీసుకుని అడ్డంగా అయిదు నిలువు వరసలు గీయండి: అ-ఆ, ఇ-ఈ, ఉ-ఊ, ఎ-ఏ-ఐ, ఒ-ఓ-ఔ. కిందికి పంతొమ్మిది వరసలు: మొదటిది అచ్చులకు, ఆపైన క, గ, చ, జ, ట, డ, త, ద, న, ప, బ, మ, య, ర, ల, వ, స, హ. ఒత్తక్షరాలు వాటి జంటలోకే పోతాయి, శ, ష, స మూడూ ఒకటే వరస, క్ష 'క'లోకి. మొత్తం 95 గళ్ళు. "వాన" అయితే 'వ' వరసలో మొదటి గడి. "ముసలితనం" అయితే 'మ' వరసలో మూడోది. "ప్రయాణం"లో క్రావడి సంగతి మరిచిపోండి, 'ప' వరస మొదటి గడి. "కృతజ్ఞత"ని పలికినట్టే తీసుకుని 'క' వరస మూడో గడిలో వేయండి. గడిలో మాటా, పక్కన చిరునామాలూ: ముసలితనం 3-12, 7-43, 11-90. చుక్క, సున్నా ఉన్నవాటికే ఈ యోగం.

జనం తప్పు చేసేది మాట ఎంచుకోవడంలో. "వాన" అని రాస్తే ఏడాది తిరిగేసరికి దాని పక్కన ముప్పై నంబర్లు చేరతాయి, ఇక దాన్ని ఎవరూ చూడరు. నోటు దేని గురించి అన్నది కాదు, రేపు ఏ అవసరం వస్తే దీన్ని వెతుక్కుంటాను అన్నది అడగండి. "వానకు ఆగిపోయిన పెళ్ళి" అని రాసుకుంటే దొరుకుతుంది. ఏ మాట పక్కనైనా పది నంబర్లు దాటితే దాన్ని రెండుగా చీల్చండి.

ప్రశ్న: నా నోట్సు నాకే అర్థం కావు. మొన్న ఒకటి తీశాను: "బస్సు. ఆకుపచ్చ సంచి. అమ్మ చెయ్యి. కథ!!!" మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టానంటే గొప్పదే అయ్యుండాలి. ఏమిటో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

ఆశ్చర్యార్థకం పెట్టిన చోట కారణం రాసి ఉంటే గుర్తొచ్చేది. మీరు వస్తువుల్ని రాశారు కానీ జరిగినదాన్ని రాయలేదు. రాసేటప్పుడు దృశ్యం కళ్ళ ముందు ఉంటుంది కాబట్టి మూడు మాటలు చాలనిపిస్తుంది. చదివేటప్పుడు ఆ దృశ్యం ఉండదు. ఆర్నెల్ల తరవాత ఆ పేజీ తెరిచే మనిషి మీరే అయినా, ఆ బస్సు ఎక్కని మనిషి.

మీ నోటు ఇలా ఉండి ఉంటే ఏమయ్యేదో చూడండి. సంఘటన మా ఊహ.

"బస్సులో ఎదురు సీట్లో తల్లీ కూతురూ. కూతురికి నలభై ఉంటాయి. ఎక్కేటప్పుడు తల్లి తనే చెయ్యి చాపి అందుకోమంది. దిగే చోటు వచ్చింది, కూతురు ఆకుపచ్చ సంచి అందుకోబోతే తల్లి చెయ్యి విదిలించుకుని సంచిని రెండో చేతికి మార్చుకుంది. కింద ఎవరో ఎదురుచూస్తున్నారు. నాకు పట్టింది: ఎక్కేటప్పుడు కావలసిన సాయమే దిగేటప్పుడు నామోషీ అయింది. ఎవరి ముందు?"

నలభై పైచిలుకు మాటలు, రెండు నిమిషాల పని. కదలిక ఉంది: చెయ్యి చాపడం, విదిలించుకోవడం. రెండు క్షణాల మధ్య తేడా ఉంది. "నాకు పట్టింది" అని మొదలయ్యే వాక్యం ఉంది. చివర జవాబు లేని ప్రశ్న ఉంది. ఈ నాలుగింటిలో ఏది పోయినా ఇబ్బందే కానీ, మూడోది పోతే నోటు చచ్చినట్టే. సంచి రంగు మరిచిపోయినా కథకు వచ్చే లోటు లేదు.

బస్సులో నిలబడి ఇంత రాయలేరు. మూడు మాటలే గిలకండి, తప్పులేదు. ఆ రాత్రి పడుకునే లోపు వాటిని విప్పి రాయండి. రేపటికి వాయిదా వేస్తే మాటల వరస పోతుంది, ఎల్లుండికి ఎవరు ముందు కదిలారన్నది పోతుంది. వారం దాటిన గిలుకుళ్ళని విప్పబోతే మనసు ఖాళీల్ని కల్పించి పూరిస్తుంది. కథకుడికి అదీ ఫరవాలేదు. విలేఖరికి, జీవితచరిత్ర రాసేవారికి మాత్రం అది ప్రమాదం. అలాంటప్పుడు పక్కన "తరవాత రాసింది" అని తేదీతో సహా వేసుకోవాలి.

సంభాషణలకు ఇంకో జాగ్రత్త. సారాంశం రాయకండి, ఒక్క వాక్యమైనా అన్నది అన్నట్టు రాయండి. "డబ్బు ఇవ్వనన్నాడు" అని రాసుకుంటే మనిషి పోయాడు. "ఉంటే నువ్వడగాలా" అన్నాడని రాసుకుంటే మనిషి ఉన్నాడు.

ప్రశ్న: ఫోనా, కాగితమా?

ఏది చేతిలో ఉంటే అది. పట్టుకునే చోట్లు నాలుగున్నా ఫరవాలేదు, చేర్చే చోటు మాత్రం ఒక్కటే ఉండాలి. వారానికి ఒకసారి, అదే రోజు, అదే వేళ, ఫోనులోవీ జేబులో చీటీలూ ఆ ఒక్క చోటికి చేర్చండి. ముప్పావుగంట చాలు. గొంతుతో రికార్డు చేసినవైతే ఈ వారానివి ఈ వారమే విని రాసుకోండి. మూడు నిమిషాల రికార్డులో మీకు కావలసిన వాక్యం ఎక్కడుందో తెలియాలంటే మూడు నిమిషాలూ వినాల్సిందే. అలాంటివి నలభై పేరుకుపోతే ఎవరూ వినరు.

ఫోనులో తెలుగులో రాసుకునేవారికి వెతుకులాటలో ఒక చిక్కుంది, దాని గురించి చెప్పేవారు తక్కువ. "ఇల్లు" అని వెతికితే "ఇంటి", "ఇంట్లో", "ఇళ్ళు" ఏవీ దొరకవు. మన మాట విభక్తి చేరగానే రూపు మార్చుకుంటుంది, యంత్రం అక్షరాల్నే చూస్తుంది. ఇక "ఇళ్ళు", "ఇళ్లు" రెండు రకాలుగా రాస్తాం. "రాత", "వ్రాత" కూడా అంతే. "ఫోన్‌లో" అని విడదీసి రాసినప్పుడు కొన్ని కీబోర్డులు మధ్యలో కంటికి కనబడని గుర్తు ఒకటి పెడతాయి. "ఫోన్లో" అని కలిపి రాస్తే అది ఉండదు. ఒకటి వెతికితే రెండోది రాదు.

మందు రెండు రకాలు. ఒకటి, మాటను పూర్తిగా కాక మారని ముక్కనే వెతకడం. "చెట్" అని కొడితే "చెట్టు", "చెట్లు", "చెట్టుకింద" అన్నీ వస్తాయి. "ఫోన్" అంటే రెండు రూపాలూ వస్తాయి. రెండోది, ఇంతకంటే గట్టిది: ప్రతి నోటు చివరా హ్యాష్ గుర్తు పెట్టి ప్రథమా విభక్తిలో, ఏకవచనంలో ఒక మాట. #ఇల్లు, #అప్పు, #తల్లి. ఇరవై, ముప్పై మాటలు దాటనివ్వకండి, వాటి జాబితా ఒకచోట పెట్టుకోండి. లేదంటే ఒక నెల #అప్పు, ఇంకో నెల #రుణం, మూడో నెల #బాకీ అని రాసి మూడు చోట్ల వెతుక్కుంటారు.

ప్రశ్న: చారిత్రక వ్యాసాలు రాస్తాను. నా వ్యాసంలో రెండు వాక్యాలు ఒక పాత పుస్తకంలోవేనని ఒకరు చూపించారు. నిజమే. కావాలని చేయలేదు, నోట్సులో అవి నా వాక్యాలే అనుకున్నాను. మళ్ళీ ఇలా కాకుండా ఏం చేయాలి?

ఈ తప్పు వ్యాసం రాసేటప్పుడు జరగలేదు, నోటు రాసేటప్పుడే జరిగింది. ఎత్తి రాసుకున్న వాక్యానికి కొటేషన్ గుర్తులు పెట్టలేదు, లేదా సగం ఎత్తి సగం మార్చి రాశారు. రెండోది మరీ చెడ్డది. గుర్తు పెట్టడానికీ ఉండదు, పెట్టకపోతే చోరీ.

ప్రతి పేరా ముందూ మూడింటిలో ఒక గుర్తు వేయండి. ఉ: ఉన్నది ఉన్నట్టు, అక్షరం మార్చకుండా. సా: సారాంశం, మీ మాటల్లో. నా: మీ ఆలోచన, ఆ పుస్తకంలో లేనిది. ఒకే పేరాలో రెండు కలపకండి. కలపాల్సి వస్తే పేరా విడగొట్టండి. సారాంశం రాసేటప్పుడు పుస్తకం మూసేయండి. చదివాక, మూసి, రాసి, తెరిచి సరిచూసుకోండి. పుస్తకం తెరిచి పెట్టుకుని సారాంశం రాస్తే ఆ రచయిత వాక్యపు విరుపు మీ వాక్యంలోకి వచ్చేస్తుంది.

'ఉ' పేరాలకు నియమాలు ఇంకొంచెం కఠినం. రచయిత, పుస్తకం, ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, పేజీ. ముద్రణ ఎందుకంటే, రెండో ముద్రణకు పేజీలు జరుగుతాయి, ఒక్కోసారి వాక్యమూ మారుతుంది. ఎత్తిన వాక్యం ఒక పేజీలో మొదలై తరవాతి పేజీలో ముగిస్తే, పేజీ మారిన చోట నిలువు గీత పెట్టండి: "అప్పటికి కోట | వాళ్ళ వశం కాలేదు". రేపు వ్యాసంలో సగం వాక్యమే వాడుకుంటే ఏ పేజీ నంబరు ఇవ్వాలో ఆ గీతే చెబుతుంది. మధ్యలో మాటలు వదిలేస్తే మూడు చుక్కలు. మూలంలో అచ్చుతప్పు ఉంటే తప్పుతోనే రాసి పక్కన చిన్న ప్రశ్నార్థకం వేయండి, లేకపోతే అది మీ చేతితప్పో వాళ్ళదో తరవాత తేలదు. ఒక పుస్తకం మరో పుస్తకం నుంచి ఎత్తి చూపినదాన్ని మీరు రాసుకుంటే "ద్వారా" అని తప్పనిసరిగా పెట్టండి. మూలం చూడకుండా చూసినట్టు రాయడం మొదలయ్యేది ఇక్కడే.

గ్రంథాలయంలో ఫోటోలు తీసుకునేవాళ్ళు మొదటి ఫోటో ముఖపత్రానిది, రెండోది ముద్రణ వివరాల పేజీది తీయండి. ఆ తరవాతే కావలసిన పేజీలు, పేజీ నంబరు ఫ్రేములో పడేలా. ఈ వరస పాటించకపోతే నెల తరవాత ఫోనులో అరవై పేజీల ఫోటోలుంటాయి, అవి ఏ పుస్తకంవో ఉండదు.

ఇంకొక్క మాట. మీ వాదానికి అడ్డొచ్చే ఆధారం కనబడితే అక్కడికక్కడే రాసుకోండి. చార్లెస్ డార్విన్ ఏళ్ళ తరబడి ఈ నియమం పాటించానని స్వీయచరిత్రలో రాశాడు. తన నిర్ణయాలకు వ్యతిరేకమైన వాస్తవాలు, అనుకూలమైనవాటికన్నా తొందరగా మనసులోంచి జారిపోతాయని గమనించి, వాటిని తప్పకుండా, వెంటనే నమోదు చేసేవాడట. వీటికి వేరే గుర్తు పెట్టుకోండి, అడ్డగీత చాలు. వ్యాసం పూర్తయ్యాక అడ్డగీతలన్నీ ఒకసారి చదవండి. ఒక్కటీ లేకపోతే చదివింది తక్కువని అర్థం.

ప్రశ్న: చీటీల పెట్టె పద్ధతి గురించి వింటున్నాను. నేను నవల రాస్తున్నాను. మొదలుపెట్టమంటారా?

ఆ పద్ధతికి పేరు తెచ్చింది నిక్లాస్ లూమాన్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త. 1998లో పోయాడు. ఆయన పెట్టెల్లో సుమారు 90,000 చీటీలున్నాయి. చీటీకి ఒక్క ఆలోచన. దానికి నంబరు, ఉదాహరణకు 1/1. దాని నుంచి పుట్టిన ఆలోచనకు 1/1a, దాని వెనకే పెట్టడం. మధ్యలో ఎన్నైనా చేర్చుకోవచ్చు, పాతవాటి నంబర్లు మారవు. ఒక చీటీలో ఇంకో చీటీ నంబరు రాసుకుంటూ పోవడంతో దూరంగా ఉన్న రెండు ఆలోచనలు ఎదురుపడతాయి. సిద్ధాంతాలు కట్టేవారికి, ఒకే రంగంలో ముప్పై ఏళ్ళు పుస్తకాలు రాసేవారికి ఇది బంగారం. మీ నవలకు మాత్రం అనవసరపు బరువు. పెట్టె సర్దడంలో పడి నవల పక్కకు పోయిన సందర్భాలే ఎక్కువ.

నవలకు కావలసింది వేరు. ఒకటి మనుషుల పట్టీ. పాత్రకు ఒక పేజీ. వయసు రాయకండి, పుట్టిన సంవత్సరం రాయండి. మూడో ప్రకరణంలో "ముప్పై రెండేళ్ళు" అని రాసి, ఆరేళ్ళు గడిచాక పద్నాలుగో ప్రకరణంలో "ముప్పై అయిదో ఏట" అని రాయడం ఇలాంటి పట్టీ లేకే. ఏ చేతివాటం, ఎవరిని ఏమని పిలుస్తారు, మాటల్లో ఊతపదం ఉంటే ఏది, ఒంటి మీద మచ్చ ఉంటే ఏ వైపు. నవలలో ఒకసారి రాసేసినవే ఇందులోకి ఎక్కాలి, ప్రకరణం నంబరుతో సహా. ఊహలో మాత్రమే ఉన్నవాటిని ఎక్కిస్తే పట్టీ మిమ్మల్ని కట్టేస్తుంది.

రెండోది ప్రకరణాల పట్టీ: ఏ రోజు, ఏ పూట, ఎక్కడ, ఎవరెవరు ఉన్నారు. చివర్లో ఒక గడి: ఈ ప్రకరణం ముగిసేసరికి ఎవరికి ఏం తెలుసు. నవలల్లో అసలు తప్పులు దొర్లేది ఇక్కడ. అయిదో ప్రకరణంలో ఉత్తరం చెల్లెలు ఒక్కతే చదివింది. ఎనిమిదిలో అన్న ఆ సంగతి తెలిసినట్టు మాట్లాడతాడు. రచయితకు తెలుసు కాబట్టి అన్నకీ తెలుసనిపిస్తుంది. తిరగరాసేటప్పుడు ప్రకరణాలు అటూ ఇటూ జరిపితే ఈ తప్పు ఇంకా పెరుగుతుంది, జరిపిన ప్రతిసారీ ఈ గడి చూసుకోండి.

దృశ్యాలు కార్డుల మీద రాసుకునేవారైతే మూలన నంబరు వేయండి, అదీ పెన్సిలుతో. రష్యాలో పుట్టిన అమెరికన్ రచయిత వ్లాదిమిర్ నబొకోవ్ నవలలు కార్డుల మీదే రాసేవాడు, తోచిన దృశ్యం తోచినప్పుడు. 1977లో ఆయన పోయేనాటికి అసంపూర్తిగా మిగిలిన ఆఖరి నవల 138 కార్డులు. 2009లో అది పుస్తకమైనప్పుడు పాఠకులు కార్డుల్ని చించి తీసి తమకు నచ్చిన వరసలో పేర్చుకునేలా అచ్చువేశారు. చదివేవారికి సరదా. మీ నవల వరస మాత్రం మీరే తేల్చుకోవాలి.

ప్రశ్న: రెండేళ్ళుగా సమాచారం సేకరిస్తున్నాను. ఇంకొక్క పుస్తకం చదివితే మొదలుపెట్టొచ్చు అనిపిస్తుంది. ఎప్పటికీ అలాగే అనిపిస్తోంది.

ఇంకొక్క పుస్తకం అన్నది ఎప్పుడూ ఉంటుంది. కొత్తగా చదివిన మూడు పుస్తకాల్లో మీ నోట్సులో ఇప్పటికే ఉన్నదే మళ్ళీ మళ్ళీ ఎదురైతే, చదవడం ఆపాల్సిన సమయం దాటిపోయింది.

నోట్సుని నేలమీద పరవండి. నిజంగానే. చుక్కలున్నవాటిని విడి కాగితాల మీదికి, ఒక్కోదానికి ఒక కాగితం చొప్పున ఎక్కించి నలభై, యాభై పరవండి. ఒకదానికొకటి దగ్గరగా అనిపించినవాటిని కుప్ప చేయండి. కుప్పకు పేరు కాదు, వాక్యం రాయండి. "నీటిపారుదల" అన్నది పేరు, దానితో ఏమీ రాయలేరు. "చెరువు పూడింది ఒండ్రు వల్ల కాదు, దాన్ని చూసుకునే మనిషికి జీతం ఆగిపోవడం వల్ల" అన్నది వాక్యం, దాన్నుంచి పది పేజీలు వస్తాయి. వాక్యం రాని కుప్ప ఇంకా పండలేదు, పక్కన పెట్టండి. ఏ కుప్పలోనూ ఇమడని కాగితాలు ఎంత ముద్దొచ్చినా ఈ రచనకు కావు. వాటిని చించకండి, ఒక కవర్లో వేయండి. ఈ రచనలో వాటికి చోటు వెతకడం మొదలుపెడితే వ్యాసం అతుకుల బొంత అవుతుంది.

ఇక చిత్తుప్రతి. కుప్పను ఒకసారి చదివి, కట్టగట్టి సొరుగులో పెట్టి, చూడకుండా రాయండి. సంవత్సరం గుర్తు రాలేదా, ఖాళీ గడి గీసి ముందుకు పోండి. పేరు గుర్తు రాలేదా, ఇంకో గడి. నోట్సు పక్కన పెట్టుకుని రాసిన చిత్తు ఎలా ఉంటుందంటే, నోట్సుని "అలాగే", "అంతేకాక" అనే దారంతో కుట్టినట్టు ఉంటుంది. చూడకుండా రాసినప్పుడు గుర్తొచ్చేదే రచనకు కావలసింది. చిత్తు ముగిశాకే సొరుగు తెరిచి గడులు నింపండి, ప్రతి అంకెనీ, పేరునీ నోట్సుతో సరిచూడండి. వాడుకున్న నోటు మీద ఏ రచనలో వాడారో రాసి అడ్డంగా కొట్టేయండి, లేకపోతే అదే పోలిక మూడు కథల్లో వస్తుంది. మీకు గుర్తుండదు, పాఠకులకు గుర్తుంటుంది.

ప్రశ్న: తెలిసినవాళ్ళ గురించి నోట్సులో రాసుకున్నవి కథల్లో వాడుకోవచ్చా?

నోట్సులో కూడా పేరు రాయకండి, ఒక అక్షరం చాలు, అదీ అసలు పేరులోది కాకుండా. నోటుబుక్కు ఎప్పుడో ఒకప్పుడు ఎక్కడో మరిచిపోతారు. కథలోకి తెచ్చేటప్పుడు పేరూ ఊరూ మార్చితే సరిపోదు, వాళ్ళని వాళ్ళు గుర్తుపట్టేది ఒక సంఘటనతో, ఒక మాటతో. నోటులోంచి ఒక్క లక్షణం తీసుకుని, వయసో, వృత్తో, ఆడో మగో మార్చి ఇంకో మనిషికి అతికించండి. రహస్యమని చెప్పి చెప్పినది వాడుకోవద్దు. దానికి మినహాయింపు ఏమీ లేదు.

ప్రశ్న: ఏ పెన్ను మంచిది?

ఇది ఇద్దరు అడిగారు, నవ్వుకోలేదు. జెల్ పెన్ను నున్నగా సాగుతుంది కానీ చాలావాటి సిరా తడి తగిలితే అలుక్కుపోతుంది. వానలో, చెమటచేత్తో రాసేవారికి బాల్‌పెన్ను మేలు. పెన్సిలు తడికి చెదరదు, తలకిందులుగా పట్టుకున్నా, పడుకుని రాసినా ఆగదు. కాకపోతే పేజీకి పేజీ ఒరుసుకుని ఏళ్ళ తరబడి మసకబారుతుంది కాబట్టి బయట గిలికేటప్పుడు పెన్సిలు, రాత్రి విప్పి రాసేటప్పుడు పెన్ను. జేబు పుస్తకం అరచేతిలో పట్టేదై ఉండాలి, అట్ట గట్టిదై ఉండాలి, నిలబడి రాయడానికి బల్ల అదే కాబట్టి. పెన్సిలుని దారంతో పుస్తకానికి కట్టేయండి.